గ్రీన్ జోన్ గేటు దాటే ముందు: బాగ్దాద్, జూన్ 2004

గ్రీన్ జోన్ అంటే అమెరికా అధికారులు, సైన్యం ఉండే, గోడలు కట్టి కాపలా పెట్టిన బాగ్దాద్ మధ్య ప్రాంతం. అక్కడి నుంచి ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళకి ఈ జాగ్రత్తలు. ముందు గేటు సంగతి. బయట ఊరికన్నా ముందు ప్రమాదం గేటు దగ్గర క్యూలోనే ఉంటుంది, జనవరి 18న కారు బాంబు పేలింది అక్కడే, మే 17న అమెరికా నియమించిన ఇరాక్ పాలక మండలి అధ్యక్షుడు ఇజ్జెదీన్ సలీం చనిపోయింది కూడా చెక్‌పోస్టు దగ్గర ఆగి ఉన్నప్పుడే. కాబట్టి రద్దీ వేళ వద్దు, క్యూ పొడుగ్గా ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి, పని రేపు చూసుకోవచ్చు.

గేటు దాటగానే మెడలో బ్యాడ్జి తీసి దాచేయండి. మీతో వచ్చే ఇరాకీ దుభాషికి ఇది మీకన్నా ముఖ్యం, ఎందుకంటే మీరు వెళ్ళిపోతారు, ఆయన ఇల్లు ఆ వీధిలోనే ఉంటుంది. ఇంటి ముందు దింపమని ఆయన అడగకపోతే దింపవద్దు.

కొత్త తెల్ల ఎస్‌యూవీ వద్దు. దుమ్ము పట్టిన పాత కారు, ఫుల్ ట్యాంకు. పెట్రోలు బంకు క్యూలో గంటలు నిలబడటం కన్నా ప్రయాణం మానుకోవడం మేలు.

ఎయిర్‌పోర్టు రోడ్డు తప్పనిసరి అయితేనే. బాగ్దాద్ తూర్పున ఉన్న షియా పేట సదర్ సిటీలో ఏప్రిల్ నుంచి అమెరికా సైన్యానికీ షియా సాయుధులకీ పోరు సాగుతోంది, స్థానికులు రమ్మంటే తప్ప అటు వెళ్ళవద్దు.

అమెరికా కాన్వాయ్ కనిపిస్తే వెనకే అంటుకుని వెళ్ళకండి, ఓవర్‌టేక్ అసలే చేయకండి, వంద మీటర్లు వదిలేయండి. చాలామంది మామూలు కుటుంబాలు ఇలాగే కాల్పుల్లో పోయాయి. రాత్రి చెక్‌పోస్టు దగ్గర కారు లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచండి.

వెళ్ళే దారి, తిరిగొచ్చే టైము ఒక్కరికే చెప్పండి. వచ్చేటప్పుడు వేరే దారి.