పాత బిగ్‌బ్యాండ్ రికార్డులు పంచుకునే ముందు

1930ల నాటి బెన్నీ గుడ్‌మన్, కౌంట్ బేసీల బిగ్‌బ్యాండ్‌ల (పెద్ద జాజ్ బృందాల) 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి మిత్రులతో పంచుకోవాలనుకునేవారు మొదట సూదిని మార్చుకోవాలి. ఎల్‌పీల (తర్వాతి కాలపు, నెమ్మదిగా తిరిగే రికార్డుల) కోసం చేసిన సూది మొన సుమారు 25 మైక్రాన్లే ఉంటుంది కనుక, అది 78 రికార్డు వెడల్పాటి గాడి అడుగున పేరుకున్న దుమ్మును గీసుకుంటూ పోతుంది. దాదాపు 75 మైక్రాన్ల సూది గాడి గోడలను ఆనుకొని నడవడం వల్ల ట్రంపెట్ స్వరం ముందుకు వచ్చి, చిటపటలు వెనక్కి తగ్గుతాయి. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (సూది కదలికను రెండు చానళ్ల విద్యుత్ సంకేతంగా మార్చే భాగంతో) ఎక్కించినప్పుడు రెండు చానళ్లను కలిపి మోనో చేస్తే గాడిలోని నిలువు కదలికల రొద చాలావరకు రద్దవుతుంది.

శుభ్రం చేయని మూలప్రతిని ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే ఆడియో ఫైల్) రూపంలో విడిగా దాచుకోండి. రొద తొలగించే సాఫ్ట్‌వేర్‌ను అతిగా వాడితే సింబల్స్ (డ్రమ్స్‌తో వాడే ఇత్తడి తాళాల) మోత నీటిలో మునిగినట్లు వినిపిస్తుంది, నాకైతే ఆ చిటపటలే నయం. రేడియో ప్రసారమైతే వ్యాఖ్యాత మాటలను కత్తిరించకండి, ఎందుకంటే వేదిక పేరు, స్టేషన్ పేరు తరచుగా అందులోనే ఉంటాయి.

బహిరంగంగా పెట్టదలిస్తే, అమెరికాలో 1923 నుంచి 1946 వరకు విడుదలైన రికార్డులకు నూరేళ్ల కాపీరైట్ రక్షణ ఉంటుందని గుర్తుంచుకోండి. 1925 నాటివి 2026 జనవరి 1న ఆ రక్షణ నుంచి విముక్తమయ్యాయి.