ఇంట్లో పోసిన నారుకు పురుగు పట్టకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో మన తెలుగువాళ్ల తోటపని ఫిబ్రవరిలో కిటికీ దగ్గరో, బేస్‌మెంట్‌లోనో మొదలవుతుంది. మిరప, వంగ విత్తనాలు బయట నాటడానికి 8 నుంచి 10 వారాల ముందే వేసుకోవాలి. టమాటాకు 6 నుంచి 8 వారాలు చాలు. న్యూజెర్సీ లాంటి చోట మంచు భయం పూర్తిగా పోయేసరికి మే నెల వచ్చేస్తుంది. అంటే ఈ లేత మొక్కలు రెండు నెలలు ఇంట్లోనే గడపాలి. హీటర్ వేడి, కదలని గాలి, వానలేదు, ఎండలేదు. బయటైతే మొక్కల రసం పీల్చే పేనుబంకను (ఎఫిడ్స్) తినడానికి అక్షింతల పురుగులుంటాయి, ఇంట్లో ఏవీ ఉండవు. ఒక్క పురుగు లోపలికి వచ్చిందంటే దాన్ని ఆపేది మనం మాత్రమే.

నాలుగాకులు కూడా రాని మొక్కకు మందు కొడితే, పురుగు చేసే నష్టం కంటే మందు చేసే నష్టమే ఎక్కువగా ఉంటుంది. వేపనూనె కొంచెం చిక్కగా పడినా లేత ఆకు మాడిపోతుంది. అందుకే నారు విషయంలో అసలు పని విత్తనం వేయకముందే జరగాలి.

ముందుగా కరివేపాకు మొక్క సంగతి చూడండి. చలికాలం రాగానే కరివేపాకు, తులసి, మల్లె కుండీలన్నీ ఇంట్లోకి తెచ్చుకుంటాం. ప్రాణంగా పెంచుకునే మొక్కలు కాబట్టి మంచి వెలుతురు వచ్చే కిటికీ వాటికే ఇస్తాం. ఫిబ్రవరి రాగానే అదే కిటికీ దగ్గర నారు ట్రేలు కూడా పెడతాం. నారుకు వచ్చే పురుగుల్లో చాలావరకు ఇక్కడినుంచే వస్తాయి. కరివేపాకు కాడ మీద గోధుమరంగు బొడిపెలు ఉంటే పొలుసు పురుగు, కణుపుల్లో తెల్లటి దూది ఉంటే పిండినల్లి, ఆకు పైన సన్నటి లేత పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి (స్పైడర్ మైట్స్). విత్తనం వేయడానికి రెండు మూడు వారాల ముందే ఈ పెద్ద మొక్కలను బాత్‌టబ్‌లో పెట్టి, ఆకుల అడుగుభాగానికి తగిలేలా షవర్‌తో గట్టిగా కడగండి. వారానికోసారి మళ్లీ కడగండి. వీలైతే నారును వేరే గదిలో పెంచండి. వీలుకాకపోతే రోజూ ముందు నారు పని చూసుకుని, ఆ తర్వాతే పెద్ద మొక్కల్ని ముట్టుకోండి. చేతులకు, చొక్కాకు అంటుకుని కూడా పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతాయి.

కరివేపాకు గురించి ఇంకో మాట. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితులు పిలక ఇస్తామంటే వెంటనే తెచ్చేసుకోకండి. నిమ్మ, నారింజ తోటలను ఎండబెట్టే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే సిల్లిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఈ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి.

ఇక మట్టి. బయట తోటలోని మట్టి గానీ, కంపోస్ట్ గానీ నారు ట్రేలో వేయవద్దు. గరాజ్‌లో పోయినేడు సగం వాడి మూతి తెరిచి వదిలేసిన పాటింగ్ మిక్స్ కూడా వద్దు, ముఖ్యంగా అది తడిగా ఉంటే. కోకోపీట్ ఇటుకను మామూలు నీళ్లలో కాకుండా మరుగుతున్న నీళ్లలో నానబెట్టి, మూతపెట్టి పూర్తిగా చల్లారనిచ్చి వాడుకుంటే లోపలున్న గుడ్లూ పురుగులూ చాలావరకు చస్తాయి. పాత ట్రేలను ముందు సబ్బుతో కడిగి, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలపైన నానబెట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

నల్లటి చిన్న ఈగలు

ఇంట్లో నారు పెంచే ప్రతి ఒక్కరినీ ఏదో ఒక ఏడాది ఏడిపించేవి ఇవే. ట్రేను కదపగానే మట్టి మీదినుంచి లేచి, మెల్లగా ముఖం దగ్గర తిరిగే 2, 3 మిల్లీమీటర్ల నల్ల ఈగలు, ఫంగస్ నాట్స్. ఎగిరే ఈగ మొక్కను ఏమీ చేయదు. అది తడి మట్టిలో పెట్టే గుడ్ల నుంచి వచ్చే పురుగుతోనే బాధంతా. నల్లటి తల, లోపలిది కనిపించేంత పల్చటి తెల్ల ఒళ్లు. ఈ పురుగులు మట్టిలోని బూజును, కుళ్లిన పదార్థాన్ని తింటూ, అవి చాలకపోతే లేత వేళ్లకు దిగుతాయి. పెద్ద మొక్కకు నాలుగు వేళ్లు పోయినా పర్వాలేదు. మొన్న మొలిచిన మిరపకు ఉన్నదే ఒక్క వేరు. పైగా పురుగు కొరికిన చోట నారుకుళ్లు తెగులు తేలిగ్గా పడుతుంది. సాయంత్రం బాగున్న మొలక తెల్లారేసరికి మట్టి దగ్గర సన్నబడి పక్కకు వాలిపోతుంది.

ఇవి రావడానికి కారణం దాదాపు ప్రతిసారీ నీళ్లే. మట్టి పై పొర ఎప్పుడూ తడిగా ఉంటేనే ఇవి పెరుగుతాయి. మొలక వచ్చేదాకా తడి తప్పదు, మూత కూడా ఉండాలి. మొలక రాగానే మూత తీసేయండి. ఆ తర్వాత పైనుంచి నీళ్లు పోయడం మానేసి, అడుగు ట్రేలో పోయండి. అరగంట తర్వాత మిగిలిన నీళ్లు పారబోయండి. పైన మట్టి రంగు తేలి, వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే మళ్లీ నీళ్లు. ట్రేను చేత్తో ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటే బరువును బట్టే తెలిసిపోతుంది. చిన్న ఫ్యాన్ ఒకటి మొక్కల మీదుగా మెల్లగా తిరిగేలా పెడితే పై పొర తొందరగా ఆరుతుంది, కాడలు కూడా గట్టిపడతాయి.

మన ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, టీ పిప్పి, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు మొక్కలకు పోసే అలవాటుంది. బయట గులాబీ చెట్టుకు పోసుకోండి, తప్పులేదు. ఇంట్లో నారుకు మాత్రం దయచేసి పోయకండి. ఆ పిండి పదార్థం మీద బూజు పడుతుంది, ఆ బూజే ఈ పురుగులకు తిండి. మొలకతో వచ్చే జంట గింజాకులు కాక, ఆ తర్వాత వచ్చే మొదటి రెండు నిజమైన ఆకులు వచ్చేదాకా నారుకు మంచినీళ్లు చాలు.

మట్టిలో పురుగు ఉందో లేదో తెలుసుకోవాలంటే బంగాళదుంప ముక్క కోసి మట్టికి ఆనించి పెట్టండి. రెండు రోజుల తర్వాత తిప్పి చూస్తే, పురుగులుంటే ముక్క అడుగున కనిపిస్తాయి. ఉంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు బాగా పనిచేస్తుంది. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో దోమల కోసం అమ్మే మస్కిటో బిట్స్‌లో ఉండేది ఇదే. గ్యాలన్ నీళ్లలో నాలుగు టేబుల్ స్పూన్లు అరగంట నానబెట్టి, వడకట్టి, మామూలుగా నీళ్లు పెట్టినట్టే పెట్టాలి. వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఇది పురుగునే చంపుతుంది, ఈగను చంపదు, కాబట్టి మొదటి వారం ఈగలు కనిపిస్తూనే ఉంటాయి. పనిచేయలేదని మధ్యలో ఆపేయకండి. గొంగళి పురుగులకు వాడే బీటీ వేరు, అది ఈ ఈగలకు పనికిరాదు, డబ్బా మీద చూసి కొనండి. పసుపు రంగు జిగురు అట్టలు పెడితే ఈగలు కొన్ని అంటుకుని చస్తాయి కానీ, అట్టల అసలు ఉపయోగం ఈగలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెప్పడమే. మట్టి మీద దాల్చినచెక్క పొడి, పసుపు చల్లమని చాలామంది చెబుతారు. లోపలి పురుగుదాకా ఆ పొడి పోదు. దాన్ని నమ్ముకుని వారం పోగొట్టుకోవద్దు.

ఆకు అడుగున ఉండేవి

వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడటం ఒక పనిగా పెట్టుకోండి. పదిరెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఉంటే చాలు.

పేనుబంక ముందుగా చిగురులో చేరుతుంది. ఆకుపచ్చగా ఉండటంతో వెంటనే కంటికి ఆనదు. కింది ఆకుల మీద తెల్లటి పొట్టు రాలి ఉండటం, ముట్టుకుంటే జిగటగా తగలడం దాని గుర్తులు. ఇవి మగపురుగు అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని పెడతాయి. అందుకే ఆదివారం నాలుగు చూసి వదిలేస్తే వచ్చే ఆదివారానికి చిగురంతా నిండిపోతుంది. నాలుగే ఉన్నప్పుడు వేలితో నలిపేయండి. కొంచెం ఎక్కువగా ఉంటే, మొక్క ఉన్న కప్పు మీద రెండు వేళ్ల మధ్య కాడ వచ్చేలా అరచేయి పెట్టి మట్టి జారకుండా పట్టుకుని, మొక్కను తలకిందులు చేసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఆకులు ముంచి అటూఇటూ ఆడించండి. పురుగులు రాలి నీళ్లలో తేలతాయి. రోజు విడిచి రోజు చేస్తే చాలాసార్లు మందు అవసరమే రాదు. ఒక్క సంగతి, మిరప ఆకు అడుగున చక్కెర పలుకుల్లా మెరిసే చుక్కలు కనిపిస్తే గుడ్లేమో అని టెన్షన్ పడకండి. అవి మిరప తనంతట తాను వదిలే రసం గడ్డకట్టినవి, తుడిస్తే పోతాయి.

మిరప ఆకులు ముడుచుకుంటే మన గుంటూరు, ఖమ్మం రైతులు చూసినట్టే చూడండి. ఆకు అంచులు పైకి దోనెలా లేస్తే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి (కంటికి ఆననంత చిన్న మైట్స్). తామర పురుగుంటే ఆకు మీద వెండి రంగు గీతలు, వాటి మధ్య నల్లటి రెట్ట చుక్కలు కూడా ఉంటాయి. 2021లో నల్ల తామర పురుగు మన రెండు రాష్ట్రాల్లో మిరప పంటను ఎలా ఊడ్చేసిందో తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. కొన్ని రకాల తామర పురుగులు వైరస్‌ను కూడా మోస్తాయి, వైరస్‌కు మందు లేదు. ముడతతో పాటు ఆకు మీద గోధుమరంగు వలయాలు కనిపిస్తే ఆ మొక్కను కవర్లో కట్టి చెత్తలో వేసేయండి. అయితే నారు పైన పెట్టే గ్రో లైట్ మరీ దగ్గరగా ఉన్నా, నీళ్లు ఎక్కువైనా కూడా ఆకు ముడుచుకుంటుంది. భూతద్దంతో పురుగును చూసేదాకా మందు జోలికి పోవద్దు.

ఎర్రనల్లి వేడిగా, పొడిగా ఉన్న చోట పెరుగుతుంది, కాబట్టి హీటర్ గాలి నేరుగా తగిలే చోట ట్రేలు పెట్టవద్దు. తెల్ల కాగితం మీద ఆకును తట్టి చూడండి, కదిలే చుక్కలుంటే అవే. సాలెగూడు కనిపించేదాకా వచ్చిందంటే ఆ మొక్కను వదులుకోవడమే మిగతా నారుకు మంచిది.

మందు తప్పదనుకుంటే కీటకాల కోసమే తయారుచేసిన సబ్బు ద్రావణం కొనండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఆకు మీదున్న మైనపు పొరను కరిగించేస్తుంది. ఏ మందైనా డబ్బా మీద రాసినంతే కలిపి, ముందు ఒక్క మొక్క మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. లైట్లు ఆపాక సాయంత్రం కొట్టండి, ఆకు అడుగు తడవాలి. సబ్బు తడిగా ఉన్నంతసేపే, అదీ తగిలిన పురుగునే చంపుతుంది. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి ఐదారు రోజులకు మళ్లీ కొట్టాలి.

ఏప్రిల్ చివర్లో మొక్కలను పగలు బయట పెట్టి రాత్రి లోపలికి తెచ్చేటప్పుడు ఈ జాగ్రత్తలు సడలిపోతాయి. బయట అప్పటికే రెక్కల పేనుబంక తిరుగుతూ ఉంటుంది. సాయంత్రం లోపలికి తెచ్చేముందు చిగుర్లు, ఆకుల అడుగులు చూసుకోండి. అనుమానం వచ్చిన ట్రేను ఆ రాత్రికి గరాజ్‌లోనే ఉంచండి, చలి మరీ ఎక్కువైతే మీద ఒక పాత దుప్పటి కప్పండి.