కెర్నెల్ ట్రేస్‌లోని బైనరీ ప్రింట్‌ను చదవడం ఎలా?

కావలి దగ్గర మా రొయ్యల చెరువులో ఏరేటర్లను (నీటికి గాలి అందించే మోటార్లు) నడిపేది చిన్న 64 బిట్ లైనక్స్ బోర్డు. ఆక్సిజన్ పడిపోయినా ఒక్కోసారి మోటారు ఆలస్యంగా తిరిగేది. తప్పు పట్టుకుందామని కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) లోని మోటారు డ్రైవర్లో ప్రింట్‌కే, అంటే సందేశాలు రాసే ఫంక్షన్, పెడితే తప్పు మాయం! సీరియల్ కన్సోల్‌కు (కేబుల్ ద్వారా సందేశాలు చూపే తెర) అక్షరాలు పంపేసరికే టైమింగ్ మారిపోయేది. అర్ధరాత్రి గట్టు మీద కూర్చుని ఒకటే టెన్షన్.

ముందుగా ప్రింట్‌కే తీసేసి ట్రేస్_ప్రింట్‌కే రాయండి. ఇది సందేశాన్ని కన్సోల్‌కు పంపకుండా మెమరీలోని ట్రేస్‌లో దాస్తుంది. నేను రాసిన ఫార్మాట్ వాక్యం: "మోటారు %డి, ఆక్సిజన్ %డి" (%డి అంటే అంకె వచ్చే చోటు). కెర్నెల్లో దశాంశాలు వాడం కాబట్టి 3.8ని 38గా పంపాను.

ఇది వాక్యాన్ని అప్పటికప్పుడు తయారుచేయదు. పాలకేంద్రం చీటీ మీద లీటర్లు, వెన్న శాతం అని ముందే అచ్చయి ఉంటుంది, రోజూ రాసేది అంకెలే కదా. ఇక్కడా అంతే, బైనరీ ప్రింట్ అంటే ఇదే. రింగ్ బఫర్‌లోకి (నిండితే పాతవాటి మీదే రాసే మెమరీ) వెళ్లేవి: 8 బైట్ల హెడర్ (రికార్డు వివరాలు), ట్రేస్_ప్రింట్‌కేను పిలిచిన చోటి మెమరీ చిరునామా 8, ఫార్మాట్ వాక్యం ఉన్న చిరునామా 8, ఆపైన మన విలువలు. రెండో మోటారైతే చివర్లో ఇలా కనిపిస్తుంది:

02 00 00 00 26 00 00 00

ఒక్కో విలువకు నాలుగు బైట్లు, చిన్న బైటు ముందు. హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) 26 అంటే మన 38. హెడర్ మొదట్లో ఉండే 06 00 ఈ రకం రికార్డు నంబరు. %ఎస్ (పదం వచ్చే చోటు) వాడితే మాత్రం ఆ పదం మొత్తం బఫర్‌లోకి కాపీ అవుతుంది.

మామూలుగా చదవాలంటే ట్రేసింగ్ ఫోల్డర్లోని ట్రేస్ ఫైల్ తెరిస్తే చాలు, కెర్నెలే వాక్యం కట్టి చూపిస్తుంది. వేరే కంప్యూటర్లో చదవాలంటే బైనరీతో పాటు ప్రింట్‌కే_ఫార్మాట్స్ ఫైల్ కూడా తీసుకెళ్లాలి. ఏ చిరునామాలో ఏ వాక్యం ఉందో చెప్పేది అదే. నేను బోర్డు రీబూట్ చేశాక ఆ ఫైల్ కాపీ చేశాను, ఒక్క చిరునామా కలవలేదు! బూట్ అయిన ప్రతిసారీ చిరునామాలు మారొచ్చు. ట్రేస్-సీఎండీ అనే టూల్‌లోని ఎక్స్‌ట్రాక్ట్ వాడితే రెండూ ఒకే ఫైల్లోకి వస్తాయి, ట్రేస్-సీఎండీ రిపోర్ట్‌తో చదువుకోవచ్చు. నా మాట వింటే నేరుగా ఇదే వాడండి.

ఫార్మాట్ వాక్యాన్ని కోడ్‌లో స్థిరంగా రాయండి. వేరియబుల్లో పెడితే పూర్తి అక్షరాలుగానే నిల్వ అవుతుంది.

పనయ్యాక ఆ లైన్లు తీసేయండి. లేకపోతే మాడ్యూల్ (విడిగా ఎక్కించే డ్రైవర్) ఎక్కించినప్పుడు ఇది డీబగ్ కెర్నెల్ అంటూ పెద్ద డబ్బా కట్టి మరీ హెచ్చరిక వస్తుంది.