గుడ్డ ముందు చేతికి, తర్వాత ఒంటికి

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికూతురి రవికకు ఆఖరి ఇస్త్రీ చేస్తున్నాను. లోపలి లైనింగు నూలుది కాబట్టి ఆ వైపు నుంచి కాస్త వేడిగానే పెట్టె నడిపాను. తిప్పి చూస్తే జరీ అంచు ముడుచుకుపోయింది, గుడ్డ మీద గాజు లాంటి మెరుపు తేలింది. పట్టు అలా చేయదు. కత్తిరింపుల్లో మిగిలిన పీలిక నుంచి నాలుగు పోగులు లాగి, నీళ్ళు పోసిన పళ్ళెం మీద పట్టుకుని వెలిగించాను. పట్టు కాలితే వచ్చే జుట్టు కాలిన వాసన రాలేదు. నల్లటి పొగ వచ్చింది, చివర పూస లాంటి గట్టి బొట్టు మిగిలింది. పట్టు ధర పెట్టి కొన్న చీర పాలిస్టర్‌ది. ఏ కొట్టులో కొన్నారన్నది ఇక్కడ అనవసరం. ఆ తల్లి నా గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం మాత్రం నేను మరచిపోలేను. కొనేముందు గుడ్డను ఎలా చూడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తిరుపతి కొర్లగుంటలో, మా ఇంటి ముందు గదిలో 26 ఏళ్ళుగా కుడుతున్నాను. నా దగ్గరకు గుడ్డ తెచ్చేవారిలో ఎక్కువమంది రంగు చూసి ఎంచుకుంటారు, ధర చూసి తేల్చుకుంటారు. నేనైతే ముందు చేతిలోకి తీసుకుంటాను. కొంగునో చివరనో గుప్పిట్లో పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి వదులుతాను. నూలు ముడత పడుతుంది, అది దాని స్వభావం. రేయాన్ కూడా పడుతుంది. ముడతే పడకుండా జారిపోతే అందులో పాలిస్టర్ కలిసి ఉండవచ్చు. తర్వాత గుడ్డను రెండు వేళ్ళ మధ్య గట్టిగా రుద్దాలి. తెల్లటి పొడి రాలి, రుద్దిన చోట గుడ్డ పలచబడితే ఆ బిగువు నేతది కాదు, గంజిది. మొదటి ఉతుకుకే గుడ్డ దోమతెరలా మారుతుంది.

నూలుకూ రేయాన్‌కూ తేడా చేతికి అంత తేలికగా దొరకదు. కాల్చినా రెండూ కాగితం కాలిన వాసనే ఇస్తాయి. దీనికి నేను చేసేది చిన్న పని. ఒక పోగు లాగి, మధ్యలో తడివేలితో తడిపి, రెండు చివరలా పట్టి లాగుతాను. రేయాన్ తడిస్తే బలం కోల్పోతుంది కాబట్టి తడిచోటే తెగుతుంది. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి పొడిచోట తెగుతుంది. కొట్టులో పోగు లాగనివ్వకపోతే పావు మీటరు ముక్క కొని ఇంటికి తెచ్చుకోండి. పది మీటర్ల గుడ్డ కొనేటప్పుడు ఆ పావు మీటరు ఖర్చుకు వెనకాడకండి.

తర్వాత వెలుతురు. గుడ్డను వాకిట్లోకి తెచ్చి ఎత్తి పట్టుకుంటే పడుగు, పేక, అంటే నిలువు పోగులు, అడ్డ పోగులు కనిపిస్తాయి. పోగుల మధ్య సందులు అంతటా ఒకే తీరుగా ఉండాలి. పలచనగా ఉండటం తప్పు కాదు. వెంకటగిరి నూలు చీర పలచనే, కానీ సన్నని పోగులు దగ్గర దగ్గరగా పడి ఉంటాయి. రెండు బొటనవేళ్ళతో గుడ్డను అటూ ఇటూ లాగి చూడండి. పోగులు పక్కకు జరిగి గీతలా దారి ఏర్పడితే, ఆ గుడ్డతో బిగుతైన రవిక కుట్టించుకోవద్దు. చంక దగ్గర కుట్టు తెగదు, కుట్టు పక్కన గుడ్డే విడిపోతుంది. దానికి ఎంత మంచి దర్జీ అయినా చేయగలిగింది లేదు.

పట్టు విషయంలో సిల్క్ మార్క్ చీటీ అడగడానికి మొహమాటపడకండి. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో మొదలైన గుర్తు అది. అయితే ఆ చీటీ పోగు అసలైన పట్టు అని మాత్రమే చెబుతుంది, జరీ గురించి కాదు. జరీ కోసం అంచు వెనుక వైపు వేలాడే పోగును గోటితో మెల్లగా గీకి చూడండి. అసలు జరీలో వెండి తీగ కింద పట్టుదారం ఉంటుంది, దానికి చాలావరకు ఎరుపు రంగు వేస్తారు. పైపొర ఊడి లోపల తెల్లటి ప్లాస్టిక్ లాంటి దారం కనిపిస్తే అది నకలు. నకలు జరీ కొనడం పాపమేమీ కాదు, అసలు ధర ఇవ్వకుండా ఉంటే చాలు.

మన పక్కనే శ్రీకాళహస్తి ఉంది కాబట్టి కలంకారీ గురించి ఒక మాట. అక్కడ నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో చేత్తో గీస్తారు. బెల్లం, ఇనుప ముక్కలు కలిపి పులియబెట్టి నల్లరంగు తీస్తారు. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తుంది. ఒకే చీర మీద రెండు నెమళ్ళను పక్కపక్కన పెట్టి చూడండి. కన్ను, ముక్కు, ఈక వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది అచ్చు. కలంకారీ పేరుతో పాలిస్టర్ మీద అచ్చు వేసినవి చూసినప్పుడల్లా, రోజుల తరబడి వంగి కూర్చుని గీసే వాళ్ళు గుర్తొచ్చి నాకు బాధ కలుగుతుంది.

ఇక ఒంటికి నప్పడం. శరీరాలకు పండ్ల పేర్లు పెట్టి విడదీయడం నాకు నచ్చదు. టేపు పట్టుకున్నప్పుడు నేను చూసేది భుజం, ఛాతీ, నడుము, పిరుదు, వీటి మధ్య తేడాలు. వాటితో పాటు గుడ్డ వాలు. గుడ్డను పిడికిలి మీద పరిస్తే అది పిడికిలిని అంటుకుని జారుతుందా, గుడారంలా నిలబడుతుందా అన్నది చూడండి. నిలబడే గుడ్డ ఒంటికి నిండుదనం కలుపుతుంది. జారే గుడ్డ ఒంటి ఆకారాన్ని ఉన్నదున్నట్టు చూపుతుంది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఒకరోజు, “అక్కా, ఏది వేసుకున్నా నాకు కొయ్యకు తగిలించినట్టే ఉంటోంది” అంది. ఆమె తెచ్చినవన్నీ జారే క్రేపులు, జార్జెట్లు. నిలబడే మంగళగిరి నూలుతో, భుజం దగ్గర చిన్న కుచ్చులున్న చేతులతో ఒక కుర్తా కుట్టాను. అద్దం ముందు చాలాసేపు నిలబడింది. అదే గుడ్డతో పిరుదులు వెడల్పుగా ఉన్నవారికి నడుము దగ్గర కుచ్చులు పెడితే ఆ వెడల్పు రెట్టింపవుతుంది. వాళ్ళకు కాస్త బరువుండి మెత్తగా వాలే గుడ్డ, భుజం నుంచి తిన్నగా దిగే కోత బాగుంటాయి. పక్క చీలిక పిరుదు అన్నిటికంటే వెడల్పుగా ఉండే చోటికి పైనే మొదలవ్వాలి. కింద మొదలైతే కూర్చున్నప్పుడల్లా గుడ్డ ఎగదన్నుతుంది.

పొట్టిగా ఉన్నవారు పెద్దంచు చీర ఇష్టపడితే ఒక లెక్క వేసుకోవాలి. నడుము నుంచి నేలకు 36 అంగుళాలు ఉన్న మనిషి 12 అంగుళాల అంచు కడితే, కనిపించే చీరలో మూడో వంతు అంచే. నాలుగు నుంచి ఆరు అంగుళాల అంచు అయితే చీర నేత కూడా కనిపిస్తుంది. పెద్దంచే కావాలని మనసు పడితే పైట అంచు సన్నగా ఉన్నది ఎంచుకోండి. ఛాతీ నిండుగా ఉన్నవారి రవికకు క్రాస్ కట్ అడగండి. గుడ్డను ఏటవాలుగా కోస్తే సాగి ఒంటికి ఒదుగుతుంది. కానీ దానికి గుడ్డ ఎక్కువ పడుతుంది, 80 సెంటీమీటర్ల ముక్క తెచ్చి క్రాస్ కట్ కావాలంటే ఒక్కోసారి చాలదు.

రెడీమేడ్ అయితే ముడతలు చూడండి, అవి అబద్ధం చెప్పవు. ఛాతీ మీద అడ్డంగా ముడతలు పడితే బిగుతు. చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా పడితే అక్కడ డార్ట్, అంటే ఒంటి వంపు కోసం మడిచి వేసే కుట్టు, చాలలేదు. మెడ వెనుక కింద అడ్డంగా మడత పడితే వీపు భాగం పొడవెక్కువ. నిలబడి చూసి సరిపెట్టుకోకండి. చేతులు పైకెత్తండి, కూర్చోండి, ముందుకు వంగండి. లోపల మార్జిన్, అంటే కుట్టు అవతల మిగిల్చిన గుడ్డ, అర అంగుళమైనా ఉందో లేదో తిప్పి చూడండి, లేకపోతే రేపు వదులు చేయడానికి దారి ఉండదు.

అలిపిరి మెట్లెక్కాలనుకునేవారు ఏడాది పొడవునా నా దగ్గరకు వస్తారు. 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. వాళ్ళకు పాలిస్టర్ వద్దంటాను, చెమట పీల్చుకోదు. రేయాన్ కూడా వద్దంటాను, తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. చుడీదారు తొడిగేవారు ప్యాంటు ఏటవాలుగా కోసినదో కాదో అడగాలి. తిన్నగా కోసిన బిగుతు ప్యాంటు మోకాలి దగ్గర మెట్టు మెట్టుకూ లాగి, సగం దారిలోనే కుట్టు వదిలిన సందర్భాలు నాకు తెలుసు. పైన దర్శనానికి చున్నీ కావాలి కాబట్టి అదీ నూలుదే తీసుకోండి, దారిలో చెమట తుడుచుకోవడానికీ పనికొస్తుంది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు మీకు బాగా కుదిరిన పాత కుర్తా ఒకటి, టేపు ఒకటి సంచిలో వేసుకోండి. కొత్తదాన్ని పాతదాని మీద పరిచి భుజం, చంక, ఛాతీ సరిచూస్తే తొడిగి చూడకుండానే సగం తెలిసిపోతుంది. కుట్టించుకునేవారు ఆది రవికను ఉతికి, ముడతల్లేకుండా తెండి. కొత్త నూలుగుడ్డనూ లైనింగునూ ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరబెట్టి ఇవ్వండి. కుంగేదంతా కత్తెర పడకముందే కుంగాలి.