ఎఫ్ఐఆర్‌లో మీవాళ్ళ పేరుంటే ముందు సెక్షన్లు చదవండి

పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి కొట్టుకుంటారు. అవతలివాళ్ళు ముందు స్టేషన్‌కి వెళ్ళి కంప్లైంట్ ఇస్తారు. తండ్రితో పాటు ఇద్దరు కొడుకుల పేర్లూ అందులో ఎక్కుతాయి. మేజిస్ట్రేట్ కోర్టులో ముద్దాయిల తరఫున వాదించే నా దగ్గరికి ఇలాంటి కుటుంబాలే ఎక్కువగా వస్తాయి. వాళ్ళు మొదట అడిగేది "మేడం, జైలుకి పంపిస్తారా?" అని. నేను మొదట అడిగేది ఎఫ్ఐఆర్ కాపీ. నాయకుల చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ అప్పటికే తిరిగి ఉంటారు గానీ కాపీ మాత్రం తెచ్చుకోరు. కేసేమిటో తెలియకుండా ఎవరి కాళ్ళు పట్టుకుని ఏం లాభం?

కాపీ దొరకడం కష్టమేం కాదు. మహిళలపై లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అక్కడ కనిపించకపోతే మీ వకీలు కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీస్తారు.

ఇప్పుడు సెక్షన్ల గడి చూడండి. గట్టు తగాదా కేసులో సాధారణంగా ఇలా ఉంటుంది: 126(2), 115(2), 118(1), 351(2) రెడ్ విత్ (అంటే, దీనితో కలిపి చదవాలి) 3(5) బీఎన్ఎస్. బీఎన్ఎస్ అంటే 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత. గొడవ ఆ తేదీకి ముందు జరిగి ఉంటే పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

126(2) అంటే దారికి అడ్డుపడడం. నెల రోజుల వరకు సాధారణ జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. 115(2) చేత్తో కొట్టడం లాంటి మామూలు దెబ్బలకు. ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. 351(2) బెదిరింపు. రెండేళ్ళ వరకు. ఈ మూడూ బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా అడగొచ్చు. 3(5) విడిగా శిక్ష ఉన్న నేరం కాదు. అందరూ ఒకే ఉద్దేశంతో చేశారని చెప్పడానికి పెడతారు. ఇంట్లో అందరూ ఏ1, ఏ2, ఏ3 అయ్యేది దానివల్లే.

అసలు చూడాల్సింది 118(1). కత్తి, పార లాంటి ప్రమాదకరమైన వస్తువుతో గాయపరచడం. మూడేళ్ళ వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇది నాన్ బెయిలబుల్. ఆ మాట వినగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు. స్టేషన్ బెయిల్ హక్కుగా అడగలేరు, కోర్టును అడగాలి, అంతే. పైగా ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాల్లో తగిన కారణం లేకుండా అరెస్ట్ చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, బెయిల్, విచారణ పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవొచ్చు. స్టేషన్లో ఇప్పటికీ దీన్ని పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో 41ఏ నోటీసనే అంటారు. నోటీసు వస్తే తప్పించుకు తిరగొద్దు. చెప్పిన రోజు వెళ్ళండి, వెళ్ళినట్టు ఆధారం దాచుకోండి. వెళ్ళకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

సెక్షన్లు మొదటిరోజు ఉన్నట్టే ఉండిపోవు. వాటిని మార్చేది ఆసుపత్రి నుంచి వచ్చే వూండ్ సర్టిఫికెట్. డాక్టర్ "సింపుల్" అని రాస్తే 118(1) దగ్గరే ఆగుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తేలితే, పన్ను ఊడితే, 15 రోజులు తీవ్రమైన బాధతో ఉన్నా రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది "గ్రీవియస్", అంటే తీవ్ర గాయం. పారతో కొట్టి ఎముక విరిగితే 118(2): కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం. తల మీద దెబ్బ చూపించి 109, అంటే హత్యాయత్నం, కలిపే ప్రయత్నం కూడా జరుగుతుంది. అందుకే ఆ సర్టిఫికెట్‌ను నేను ఒక్కో పదం చదువుతాను. ఏ టైముకి ఆసుపత్రికి వెళ్ళారు, ఎవరు కొట్టారని డాక్టర్‌కి చెప్పారు, గాయం కొలత ఎంత, ఎక్స్‌రే నంబర్ ఉందా. ఆసుపత్రిలో "ఎవరో కొట్టారు" అని చెప్పి, మర్నాడు కంప్లైంట్‌లో ముగ్గురి పేర్లు రాస్తే, ఆ తేడా మీదే క్రాస్ ఎగ్జామినేషన్ నడుస్తుంది.

మీవాళ్ళకూ దెబ్బలు తగిలాయా? అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టర్ గాయాలు నమోదు చేసే రికార్డు) రాయించండి, కంప్లైంట్ ఇవ్వండి. ఆత్మరక్షణ హక్కు బీఎన్ఎస్ 34వ సెక్షన్ నుంచి ఉంది. కానీ వారం తర్వాత చూపించే దెబ్బను ఏ కోర్టూ తేలిగ్గా నమ్మదు. వాళ్ళ కేసూ, మీ కౌంటర్ కేసూ రెండూ నమోదైతే ఒకే కోర్టులో నడిపించమని అడగాలి.

అరెస్టే జరిగితే, ఎందుకు అరెస్ట్ చేశారో చెప్పాలి, ఇంటివాళ్ళకు తెలియజేయాలి, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. విచారణ సమయంలో వకీలును కలిసే హక్కుంది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. పోలీసులకు ఇచ్చే స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. దెబ్బలు తిని ఉంటే మేజిస్ట్రేట్ అడిగినప్పుడు భయపడకుండా చెప్పండి. వకీలుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఇది దానం కాదు, 1987 చట్టం ఇచ్చిన హక్కు.

రిమాండ్‌లో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు తేదీలు లెక్కపెట్టుకోవాలి. 60 రోజుల్లో, యావజ్జీవం లేదా పదేళ్ళు ఆపైన శిక్ష ఉన్న కేసుల్లో 90 రోజుల్లో, ఛార్జిషీట్ పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఛార్జిషీట్ పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్టే. గడువు దాటిన పొద్దున్నే పిటిషన్ రెడీగా ఉండాలి.

ఛార్జిషీట్ పడ్డాక సాక్షుల స్టేట్‌మెంట్లు సహా కాపీలన్నీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అప్పుడు ఏ దారి పట్టాలో తేల్చుకోవాలి. ఊళ్ళోనే లేని కొడుకు పేరు ఉంటే ఆ రోజు ఆఫీసు హాజరు, సీసీటీవీ, టికెట్లు వెంటనే భద్రపరచండి. కేసులో సరుకే లేకపోతే విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని డిశ్చార్జ్ పిటిషన్ వేయొచ్చు, లేదా హైకోర్టులో క్వాష్, అంటే కేసు కొట్టేయమని, అడగొచ్చు. రాజీ కుదిరితే 115(2) లాంటివి లోక్ అదాలత్‌లో ముగుస్తాయి. 118(1)కి మాత్రం కింది కోర్టులో రాజీ చెల్లదు, హైకోర్టుకే వెళ్ళాలి. ఊళ్ళో రాసుకున్న రాజీ కాగితంతో కేసు పోయిందనుకుని వాయిదాలకు రాకపోతే వారెంట్ పడుతుంది.

"ఒప్పేసుకుని ఫైన్ కట్టేయండి, అయిపోతుంది" అని కోర్టు వరండాలో సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఆ సలహా ఇస్తుంటే నాకు బాధేస్తుంది. ఒప్పుకుంటే అది శిక్షే, రికార్డులో ఉండిపోతుంది. నేరం రుజువైనా, వయసూ పరిస్థితులూ చూసి 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి ప్రవర్తన బాండుతో వదిలేయమని అడగడం వకీలు మర్చిపోకూడదు. జైలు శిక్ష మూడేళ్ళు మించకపోతే, బెయిల్ మీద ఉన్న ముద్దాయికి అప్పీల్ వేసుకునేదాకా అదే కోర్టు బెయిల్ ఇవ్వొచ్చు. సెషన్స్ కోర్టులో అప్పీల్‌కి గడువు 30 రోజులు.

కేసు నడుస్తున్నప్పుడు ఉద్యోగ దరఖాస్తులో "కేసులున్నాయా" అన్న చోట దాచొద్దు. దాచినందుకే పోయిన ఉద్యోగాలున్నాయి. విదేశాలకు వెళ్ళాలంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకుని పాస్‌పోర్టుకి దరఖాస్తు చేయాలి. కొట్టివేత తీర్పు వచ్చిన వారంలోనే సర్టిఫైడ్ కాపీలు రెండు తీసి ఇంట్లో ఉంచుకోండి. ఆన్‌లైన్‌లో కేసు ఇంకా పెండింగ్ అని చూపిస్తుంటే సరిచేయించడానికి మీ చేతిలో ఉండేది అదే.