తాబేలును చలికాలం ఎలా దాటించాలి?

డిసెంబర్ వచ్చిందంటే మా శ్రీకాకుళం, విజయనగరం వైపు తాబేలు పెంచుకునేవాళ్లంతా అడిగేది ఒకటే. "మాది తిండి మానేసి ఓ మూల నక్కింది, చలికాలపు నిద్రకు వెళ్లినట్టుంది, అట్టపెట్టెలో పెట్టి గడ్డి కప్పేద్దామా?" వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడి వాతావరణంలో అది నిద్ర కాదు, చలికి నీరసించిపోవడం.

తాబేలుకు ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు, బయట ఎంత ఉంటే లోపలా సుమారు అంతే. 5 డిగ్రీల దగ్గర ఒళ్లు దాదాపు ఆగిపోతుంది, గుండె చాలా మెల్లగా కొట్టుకుంటుంది, అందుకే వారాల తరబడి తినకపోయినా తట్టుకుంటుంది. 25 దాటితే హాయిగా తింటుంది, తిన్నది అరుగుతుంది. ప్రమాదమంతా ఈ రెండింటి మధ్యే. సుమారు 12 నుంచి 20 డిగ్రీల మధ్య ఆకలి చచ్చిపోతుంది, కానీ ఒళ్లు మాత్రం దాచుకున్న కొవ్వునీ నీటినీ ఖర్చు పెడుతూనే ఉంటుంది, కడుపులో మిగిలింది అరక్క కుళ్లుతుంది, ఊపిరితిత్తులకు నిమ్ము చేస్తుంది. సంక్రాంతి ముందు మన రాత్రుళ్లు సరిగ్గా ఆ మధ్యలోకే దిగుతాయి, తెల్లారి పదింటికల్లా మళ్లీ ఎండ కాస్తుంది. కాబట్టి తాబేలును పూర్తి వెచ్చదనంలోనైనా ఉంచాలి, పూర్తి చలిలోనైనా ఉంచాలి. మధ్యలో వదలకూడదు.

ముందు మీది ఏ తాబేలో చూసుకోండి

డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు, శ్రీకూర్మం గుడిలో మనందరం చూసేదే. దానికి చలికాలపు నిద్ర అలవాటే లేదు. అసలు దాన్ని ఇంట్లో పెంచుకోవడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది ఎక్కువ రక్షణ ఉన్న జాతుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది, పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఎవరో ఇచ్చారనో, కలిసొస్తుందనో ఇంట్లో ఉంచుకున్నవాళ్లు అటవీ శాఖకు అప్పగించేయండి. చెరువులో దొరికిన చిప్ప తాబేలుదీ ఇదే సంగతి. మన దగ్గర అది బురదలోకి దూరి పడుకునేది ఎక్కువగా ఎండాకాలంలో, చెరువు ఎండినప్పుడు.

ఇక అక్వేరియం షాపుల్లో అమ్మే చిన్న పచ్చ తాబేలు, కంటి వెనక ఎర్రచార ఉంటుంది చూడండి, అది అమెరికా నుంచి వచ్చిన రెడ్ ఇయర్డ్ స్లైడర్. చాలామంది ఇళ్లలో ఉండేది ఇదే. వాళ్ల దేశంలో చలికి చెరువు అడుగున ముడుచుకుంటుంది గానీ మన ఇంట్లో దానికి ఆ అవసరం లేదు.

స్లైడర్‌ను వెచ్చగా ఉంచడం

పొద్దున్నే టబ్బు దగ్గర కూర్చుని చూడండి. నిన్న సాయంత్రం వేసిన గింజలు ఉబ్బి తెల్లబడి నీళ్ల మీద తేలుతుంటాయి, తాబేలు మెడ సగం లోపలికి లాక్కుని, కళ్లు మూసుకుని అడుగున పడి ఉంటుంది. ఇలా కనిపిస్తే ముందు తిండి ఆపండి, నీళ్లు వేడెక్కాకే మళ్లీ వేయండి. చలిలో ఉన్న తాబేలుకు బతిమాలి తినిపించడం మేలు కాదు.

టబ్బును వరండాలోంచి, డాబా మీంచి లోపలి గదిలోకి తెచ్చేయండి, కటిక నేల మీద కాకుండా చెక్క మీదో థర్మాకోల్ షీటు మీదో పెట్టండి. అక్వేరియం హీటర్, థర్మోస్టాట్ (వేడి సరిపోగానే తనంతట తానే ఆగే ఏర్పాటు) ఉన్నదే కొనండి, నీళ్లు 25 డిగ్రీల దగ్గర నిలబడాలి. హీటర్ పూర్తిగా మునిగే ఉండాలి, నీళ్లు మార్చేటప్పుడు ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకేయాలి, ఇందులో బద్ధకం పనికిరాదు. పొయ్యి మీద కాచిన నీళ్లు తెచ్చి గుమ్మరించడం మాత్రం వద్దు, ఒక్కసారిగా వేడి మారితే తట్టుకోలేదు.

నీళ్లలోంచి పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి ఒక రాయో చెక్కో ఉండాలి, దాని మీద 30 నుంచి 32 డిగ్రీలు వచ్చేలా బల్బు వేలాడదీయండి. మధ్యాహ్నం ఎండలో కాసేపు పెడితే ఇంకా మంచిది, గాజు తలుపు వెనక కాదు, నేరుగా తగిలే ఎండలో, పక్కనే నీడ కూడా ఉండేలా. కాకులూ కుక్కలూ ఉంటాయి కాబట్టి పైన జల్లెడ మూత వేసి, మీరు దగ్గరే ఉండండి.

ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఈదుతుంటే ఒక పక్కకు ఒరిగిపోవడం, ఇవి నిమ్ము లక్షణాలు. ఇంటి వైద్యం జోలికి పోకుండా పశువుల డాక్టరుకు చూపించండి. విజయనగరం జిల్లాలో గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది కదా, అక్కడ అడగొచ్చు.

పెంచడం కష్టమైపోయిందని నాగావళిలోనో ఊరి చెరువులోనో వదిలేసేవాళ్లున్నారు. పుణ్యం అనుకుంటారు గానీ, అది మన నీటి తాబేళ్ల తిండినీ చోటునూ లాగేసుకునే జాతి. ఎక్కడా వదలకండి.

నిజంగా నిద్రపుచ్చాల్సిన తాబేళ్ల సంగతి

మన సిక్కోలు (శ్రీకాకుళం) పిల్లలు ఇంగ్లండ్‌లోనూ యూరప్‌లోనూ ఉండి హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లు పెంచుతున్నారు. చలికాలం అక్కడికి వెళ్లిన అమ్మానాన్నలు ఫ్రిజ్ తెరిచి, అందులో నిద్రపోతున్న తాబేలును చూసి గాభరా పడుతుంటారు. అది సరైన పద్ధతే, కాకపోతే క్రమం తప్పకూడదు.

నిద్రకు ముందు డాక్టరుకు చూపించి, నులిపురుగులు లేవని, బరువు సరిగ్గా ఉందని తేల్చుకోవాలి. జబ్బు పడినదాన్నీ, బరువు తక్కువున్నదాన్నీ ఆ ఏడాది నిద్రపుచ్చకూడదు. ఆ తర్వాత తిండి ఆపాలి, చిన్నవాటికి ఒకటి రెండు వారాలు, పెద్దవాటికి మూడు నాలుగు. మొదట్లో వెచ్చగానే ఉంచి రోజూ గోరువెచ్చని నీళ్లలో స్నానం చేయిస్తే నీళ్లు తాగుతుంది, పేగులు ఖాళీ అవుతాయి. ఈ ఒక్క పనిని తేలిగ్గా తీసుకునే చాలామంది తాబేలును పోగొట్టుకుంటారు, ఎందుకంటే కడుపులో మిగిలిన తిండి నిద్రలో కుళ్లిపోతుంది. చివరి రోజుల్లో లైటూ వేడీ కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి.

ఫ్రిజ్ విడిగా ఉంటే మంచిది. ముందే కొన్ని రోజులు నడిపి, లోపల నీళ్ల సీసాలు పెట్టి, 5 డిగ్రీల దగ్గర నిలబడుతోందని థర్మామీటరుతో చూసుకున్నాకే తాబేలును పెట్టాలి. 3 కంటే కిందికి దిగనివ్వకూడదు, గడ్డకట్టే చలికి కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు. 8 దాటితే కదలడం మొదలెడుతుంది. గాలి రంధ్రాలున్న పెట్టెలో మట్టో చింపిన కాగితాలో వేసి పెట్టి, వారానికి రెండు మూడుసార్లు ఫ్రిజ్ తలుపు తెరిచి గాలి ఆడనివ్వాలి.

వారానికోసారి తూకం వేసి రాసుకోండి. కిలో బరువున్న తాబేలు నెలకు 10 గ్రాముల వరకు తగ్గడం మామూలే. ఉన్నట్టుండి ఎక్కువ తగ్గినా, పెట్టెలో మూత్రం పోసినా ఆ రోజే లేపేయాలి, దాచుకున్న నీళ్లు పోయాయంటే ఇక లోపల ఉంచడం ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారైతే మూడు నాలుగు వారాల నిద్ర చాలు, అలవాటైన పెద్ద తాబేలుకు రెండు మూడు నెలలు.

లేపేటప్పుడు పెట్టెను కొన్ని గంటలు గది వేడిలో ఉంచి, తర్వాత బల్బు కిందికి మార్చి, గడ్డం దాకా వచ్చే గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాలి. మెడ చాచి, గొంతు పైకీ కిందికీ ఆడిస్తూ చాలాసేపు తాగుతుంది, మధ్యలో తీయకండి. వారం పాటు రోజూ ఈ స్నానం చేయిస్తూ వెచ్చగా ఉంచితే కొద్ది రోజుల్లో తిండి ముడుతుంది. వారం దాటినా ముట్టకపోతే మళ్లీ నిద్రపుచ్చాలని చూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.