వేలు కొయ్యకుండా వేలికి మాగ్నెట్: ఒక వైండింగ్ మేస్త్రీ పద్ధతి

వేలి చివర చర్మం కింద చిన్న మాగ్నెట్ పెట్టించుకుని, కరెంటు పారే చోటల్లా వేలు జివ్వుమంటుంటే మురిసిపోయే వాళ్ళున్నారు. అమెరికాలో 2000ల మధ్యలో మొదలైంది ఈ యవ్వారం. అంతకు ముందు 1998లోనే ఇంగ్లండులో రీడింగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ చేతిలో చిప్పు పెట్టించుకుని తొమ్మిది రోజులు తిరిగాడు. ఆయన వస్తుంటే తలుపులు తెరుచుకునేవి, లైట్లు వెలిగేవి.

నాది నెల్లూరు మైపాడు రోడ్డు వైపు మోటారు వైండింగ్ షాపు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు పక్క రొయ్యల గుంటల నుంచి, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు కాలిపోయి వస్తా ఉంటాయి. ఉప్పుగాలికి అవి ఎక్కువ కాలం ఆగవు, అదే మాకు బువ్వ. షాపుకొచ్చే కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూపించి, "అన్నా, బ్లేడుతో కోసి మాగ్నెట్ దోపేసుకుంటే మనకీ తెలుస్తాదా?" అని అడుగుతుంటారు. తెలుస్తుంది. కొయ్యకపోయినా తెలుస్తుంది. ఎట్టాగో ఇక్కడ రాస్తున్నా.

ముందు కోత ఎందుకొద్దో చెప్పాలి, లేకుంటే ఒకడైనా బ్లేడు తీస్తాడు. ఈ చిన్న మాగ్నెట్లు నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. బలం చాలా ఎక్కువ, తుప్పు అంతకంటే ఎక్కువ. అందుకే పైన నికెల్ పూత ఉంటుంది. ఆ పూత గాలికి సరిపోతుంది, ఒంట్లో ఉప్పునీళ్ళకు సరిపోదు. ఏరియేటర్ మోటారు బాడీ మీద పెయింటు యాడ చిన్నగా లేచినా లోపల ఎంత తింటుందో మాకు రోజూ కనపడేదే. లోపల పెట్టేవాటికి టైటానియం నైట్రైడ్, పారిలీన్ లాంటి పూతలు వేస్తారు. అవి కూడా పగిలిన సందర్భాలున్నాయి. పైగా వేలి కొసన కండ చిన్న చిన్న గదులుగా ఉంటుంది. అక్కడ చీము పడితే బయటికి దారి ఉండదు, ఒత్తిడి పెరిగి ఎముక దాకా పోతుంది. దాని మీద ఎమ్మారై రాశారంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. మామూలు ఎమ్మారై యంత్రం 1.5 టెస్లా బలం. వేల్లో మాగ్నెట్‌తో అందులోకి పోనివ్వరు, ముందు దాన్ని కోసి తియ్యాల్సిందే. ఆవులకైతే వైరు ముక్కలు, మేకులు మింగితే గుండె వైపు గుచ్చుకోకుండా పొట్టలోకి మాగ్నెట్ మింగించే వైద్యం ఒకటుంది, అది అక్కడే ఉండిపోతుంది. ఆవుకు ఎమ్మారై రాయరు కాబట్టి సరిపోయింది.

సరే, పనిలోకి వద్దాం. కావాల్సింది 3 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం బిళ్ళ మాగ్నెట్. పెద్దది తెచ్చుకుంటే బాగా తెలుస్తుందని అనుకుంటారు గానీ అది బరువుకు కదలదు, స్క్రూలూ ఇనప రజనూ మాత్రం లాక్కుంటుంది. పాడైన ఇయర్‌ఫోన్ విప్పినా చిన్న బిళ్ళ దొరుకుతుంది. పూత లేచి ఉంటే పారెయ్యండి. నికెల్ పడని వాళ్ళు, ఆర్టిఫిషియల్ కమ్మలు పెడితే చెవి ఎర్రబడే వాళ్ళు, బిళ్ళకు ముందుగా గోళ్ళరంగు రెండు పూతలు వేసి ఆరబెట్టుకోండి.

కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమచేతి ఉంగరపు వేలు మంచిది. సరిగ్గా మధ్యలో పెట్టకండి, స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడల్లా నొక్కుకుంటుంది. వేలి మెత్తకు కాస్త పక్కగా, గోరుకూ మెత్తకూ మధ్య వచ్చే చోట పెట్టండి. స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, బిళ్ళను పడుకోబెట్టి, మీద మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపు ఒక చుట్టున్నర వెయ్యండి. అసలు కిటుకు టేపు బిగింపులో ఉంది. బిగించి చుడితే బిళ్ళ ఊగదు, ఊగకపోతే మీకేమీ తెలియదు. టేపు మీద గోటితో తడితే బిళ్ళ లోపల కొంచెం ఒరిగినట్టు అనిపించాలి. వేలు కొస నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. ఫెవిక్విక్ వద్దు. తీసేటప్పుడు తోలు లేచొస్తుంది. వేలికి దూది అతుక్కుని ఉంటే దాని మీద పడి చురుక్కుమని కాలుతుంది కూడా.

ఇది ఎట్టా పనిచేస్తుందంటే, మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రమూ అట్టే మారుతుంది. ఆ లెక్కనే బిళ్ళ ఒరిగి లేస్తూ ఉంటుంది. వేలి చివర ఇట్టాంటి అదురుళ్ళను పట్టే నరాల కొసలు దట్టంగా ఉంటాయి, అందుకే చెయ్యంతా ఉండగా వేలి కొసనే ఎంచుకున్నారు. బిళ్ళ ధ్రువాలు దాని రెండు ముఖాల మీద ఉంటాయి కాబట్టి క్షేత్రం చర్మం వెంబడే, దానికి సమాంతరంగా పోతేనే బాగా ఊగుతుంది. ఏమీ తెలియలేదని వదిలెయ్యకుండా చెయ్యి నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక వాలులో చప్పున దొరుకుతుంది.

వైండింగ్ షాపు దగ్గరుంటే మొదటి పరీక్ష గ్రౌలర్ మీద చెయ్యండి, అంటే చుట్లలో షార్టు పట్టే కరెంటు మాగ్నెట్ మీద. మిక్సీ ఆర్మేచర్‌ను (మోటారులో తిరిగే చుట్ల భాగం) గ్రౌలర్ రెండు దవడల మధ్య పెట్టి కరెంటిచ్చి, పైన యాక్సా బ్లేడు తేలిగ్గా ఆనించి ఆర్మేచర్‌ను గాడి గాడికీ తిప్పుతా పోతాం. చుట్లు షార్టయిన గాడి రాగానే బ్లేడు గుర్రుమని కొట్టుకుంటుంది. మాగ్నెట్ కట్టిన వేలుతో ఆ పక్కకు పోతే బ్లేడు అవసరం లేకుండానే ఆ గుర్రు వేల్లోకి వస్తుంది. ఆర్మేచర్ కొసన ఉండే రాగి పట్టీల కమ్యుటేటర్ మీద మాత్రం వేలు ఆనించకండి. షార్టయిన ఆర్మేచర్ కాసేపటికే వేడెక్కుతుంది, కాబట్టి చూసిన వెంటనే స్విచ్ ఆపెయ్యాలి.

షాపు లేని వాళ్ళు పెట్టెలో బిగించిన 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చుకోండి. 28 గేజి ఎనామిల్ వైరు 5 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి డబ్బా మీద 200 చుట్లు చుట్టి, 10 వాట్ల 12 వోల్టుల బైకు బల్బును వరసలో కలిపి, ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపు తగిలించండి. బల్బు లేకుండా తగిలిస్తే చుట్టా ట్రాన్స్‌ఫార్మరూ రెండూ కాగిపోతాయి. చుట్ట మధ్యలో వేలు పెట్టగానే తెలుస్తుంది. తర్వాత వేలును వెనక్కి జరుపుతూ పోండి. కాస్త దూరం పోయాక, దూరం రెండింతలైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఇది గదిలో అవతలి మూల విషయం చెప్పే విద్య కాదు, అంగుళాల లెక్క.

ఇంట్లో బాగా పలికేవి స్టెబిలైజరు, ఇన్వర్టరు, తిరుగుతున్న మిక్సీ అడుగు భాగం. ఇనప బాడీ ఉన్న మోటారు పెద్దదైనా తక్కువే పలుకుతుంది, క్షేత్రం ఇనుములోనే తిరిగి బయటికి రాదు. ఫోన్ చార్జరు అసలు పలకదు, దాని లోపల కరెంటు సెకనుకు వేలసార్లు మారుతుంది, అంత వేగం చర్మానికి అందదు. రెండు తీగల వైరు మీద వేలు పెట్టి ఏమీ లేదని అడిగేవాళ్ళు చాలామంది. పోయే కరెంటూ వచ్చే కరెంటూ పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఒక్క తీగకే ఎందుకు వేస్తామో దీనికీ అదే కారణం.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మాగ్నెట్ వేలికి తెలిసేది పారే కరెంటే, వోల్టేజి కాదు. లోడు లేని ఫేజు తీగ దగ్గర వేలు మాట్లాడదు, ముట్టుకుంటే మాత్రం చంపేస్తుంది. గుంట గట్టు మీద తడి కాళ్ళతో నిలబడి వేలిని నమ్మి స్టార్టరు విప్పేవాడు నా షాపుకు రానక్కర్లేదు. టెస్టరు టెస్టరే. ఇండక్షన్ స్టవ్ మీదికి కూడా ఈ వేలు తీసుకుపోకండి, గిన్నె వేడెక్కినట్టే బిళ్ళా వేడెక్కి వేలికి అంటుకుంటుంది. పేస్‌మేకర్ పెట్టుకున్న పెద్దవాళ్ళ ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి.

ఇంత వరకూ చేసిన వాళ్ళకు ఎలక్ట్రానిక్స్ మీద మోజు పుడుతుంది. పిట్స్‌బర్గ్‌లో గ్రైండ్‌హౌస్ వెట్‌వేర్ అనే గుంపు బాటిల్‌నోజ్ అని ఒక పరికరం చేసింది. ఎదురుగా ఉన్న వస్తువు దూరాన్ని కొలిచి, వేలి లోపలి మాగ్నెట్‌కు అదురుగా అందిస్తుంది. అదే పని మనం వేలి పైనే చెయ్యొచ్చు. ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు ఆర్డినో నానో ఒకటి, చెవికి వినపడని శబ్దంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సరు ఒకటి తీసుకోండి. 36 గేజి వైరుతో వేలికి వదులుగా పట్టే ఉంగరంగా 200 చుట్లు చుట్టండి. నానో పిన్ను నేరుగా ఈ చుట్టను నడపలేదు, మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టరు పెట్టాలి. బేసుకు 470 ఓమ్‌లు, చుట్టకు వరసలో 1 వాటు 22 ఓమ్‌ల రెసిస్టరు, చుట్టకు అడ్డంగా 1ఎన్4007 డయోడు తిరగేసి. డయోడు మర్చిపోతే చుట్ట ఆగినప్పుడల్లా వచ్చే ఎదురుపోటుకు ట్రాన్సిస్టరు పోతుంది.

ప్రోగ్రాం చిన్నదే. సెన్సరు ట్రిగ్గర్ పిన్నుకు 10 మైక్రోసెకన్ల పల్సు, ఎకో వచ్చిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు. మీటరున్నర దాటితే చుట్టను ఆపెయ్యండి. మీటరు దగ్గర సెకనుకు రెండు తట్లు, దగ్గరయ్యే కొద్దీ పెంచుతూ 20 సెంటీమీటర్ల దగ్గర సెకనుకు 40. కళ్ళు మూసుకుని గోడ వైపు నడిస్తే తట్లు కలిసిపోయి జివ్వున సాగుతాయి, అడుగు దానంతటదే ఆగుతుంది. పవర్‌బ్యాంకుతో నడిపితే చాలావరకు కాసేపటికి అదే ఆరిపోతుంది, ఇంత తక్కువ కరెంటును అది లెక్కలోకి తీసుకోదు. నాలుగు రీచార్జబుల్ ఏఏ సెల్లులు వరసలో కలిపితే 4.8 వోల్టులు. నానో 5వీ పిన్నుకు నేరుగా ఇవ్వండి.

పని అయ్యాక బిళ్ళను విప్పి, చర్మాన్ని గాలికి వదలండి. రాత్రంతా ఉంచితే టేపు కింద చెమటకు నాని పాలిపోతుంది. బిళ్ళల్ని ఇనప రేకుకు అంటించి పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. రెండు మింగితే పేగు మడతలకు అటూ ఇటూ చేరి అతుక్కుని పేగును చిల్లు చేస్తాయి. అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చేతిలో చిప్పు కావాలనే వాళ్ళకు ఇంకా సులువు. అమెరికాలో అమల్ గ్రాఫ్‌స్ట్రా 2005లో చేతుల్లో చిప్పులు పెట్టించుకున్నాడు. ఆ కోవదే, ఫోన్ దగ్గర పెడితే చదివే ఎన్‌ఎఫ్‌సీ చిప్పు ఇప్పుడు స్టిక్కరుగానూ, ఉంగరంగానూ దొరుకుతుంది. ఎన్‌టాగ్213 రకంలో 144 బైట్లు పడతాయి, షాపు ఫోన్ నంబరూ మ్యాపు లింకూ రాసుకోవడానికి సరిపోతుంది. స్టీలు వాచీ వెనక అంటించి పలకడం లేదనకండి. లోహం మీద పెట్టాలంటే ఫెర్రైట్ పొర ఉన్న స్టిక్కరే అడగాలి.